నవ్వించే మైకు నుంచి అడిగే కుర్చీ దాకా: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

స్టేజీ మీద ఒంటరిగా నిలబడి నవ్వించే స్టాండప్ కమెడియన్ని నేను, ఇప్పుడు టీవీలో అతిథుల్ని కూర్చోబెట్టి మాట్లాడించే హోస్ట్‌ని కూడా. ఊరెళ్తే కాలవగట్టు మీద, హైదరాబాద్‌లో ఉంటే ఫోన్లో, పెళ్ళికెళ్తే పంక్తిలో పక్క విస్తరి దగ్గర నన్ను అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ఒక్కోచోట ఒక్కోలా చెబుతున్నానని ఈ మధ్య మా బావమరిది పట్టేశాడు. అందుకని ఒకసారి రాసి పెట్టేస్తున్నాను. ఇకమీద ఎవరడిగినా ఇదే చూపిస్తాను. తేడా ఉంటే ఆయన్నే అడగండి.

అసలు మీది ఏ ఊరండీ?

కోనసీమ. అంబాజీపేటకి సైకిలు దూరంలో ఒక పల్లెటూరు. పేరు చెబితే నా జోకుల్లో ఉన్నవాళ్ళందరూ ఎవరో తెలిసిపోతుంది, మళ్ళీ నేను ఊళ్ళోకి వెళ్ళాలి కదా. మా నాన్న కొబ్బరి కొట్లో గుమాస్తా. అంబాజీపేట అంటే కొబ్బరి మార్కెట్టు అని మీకు వేరే చెప్పక్కర్లేదు. సెలవులొస్తే నేనూ ఆ రాశుల మధ్యే ఉండేవాడిని.

కాయలు ఒలిచేవాళ్ళని ఎప్పుడైనా చూశారా? నేలలో పాతిన ఇనప గునపం మీద కాయని పొడిచి, రెండు మూడు తిప్పుల్లో పీచు ఊడదీస్తారు. చూపు చేతుల మీదే ఉండాలి, లేకపోతే చెయ్యి పోతుంది. నోరు మాత్రం ఖాళీ. ఆ ఖాళీ నోళ్ళ దగ్గరే నాకు ఈ విద్య అబ్బింది. ఒకడు మాట విసిరేవాడు. రెండోవాడు తలెత్తకుండానే తిప్పి కొట్టేవాడు. మూడోవాడు గంటసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, అందరూ మర్చిపోయాక ఆ మాటనే ఇంకోలా లేపేవాడు. షెడ్డంతా గొల్లుమనేది. దాన్ని కాల్‌బ్యాక్ అంటారని నాకు ఇరవై మూడేళ్ళు వచ్చాక హైదరాబాద్‌లో ఎవరో చెప్పారు.

స్టాండప్ కామెడీ అంటే మిమిక్రీయే కదా?

కాదండి. పదేళ్ళుగా చెబుతున్నాను, మా పెదనాన్న ఇప్పటికీ "ఏదీ, ఆ పాత హీరోల గొంతులు చెయ్యి" అనే అంటారు.

మిమిక్రీలో గొంతు ఇంకొకరిది. అదీ చిన్న విద్యేం కాదు, వరంగల్ నేరెళ్ళ వేణుమాధవ్ గారు దాన్ని ఒక కళగా నిలబెట్టారు. స్టాండప్‌లో గొంతు మనదే, పేరు మనదే, పరువు కూడా మనదే పోతుంది. వేషం ఉండదు, వెనక వాయిద్యం ఉండదు, ఎదురుగా ఇంకో పాత్ర ఉండదు.

మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే హరికథ గుర్తుచేసుకోండి. దాసుగారు రుక్మిణీ కల్యాణం చెబుతూ చెబుతూ మంచి పట్టులో ఆపేసి, ఎదురుగా నిద్రపోతున్న ఆసామిని చూసి ఒక పిట్టకథ అందుకుంటారు. అందరూ నవ్వుతారు, ఆసామి లేస్తాడు, కథ మళ్ళీ నడుస్తుంది. ఆ పిట్టకథనొక్కదాన్నీ విడదీసి, చిడతలూ గజ్జెలూ దండా తీసేసి, దాసుగారికి జీన్స్ ప్యాంటు వేస్తే అది స్టాండప్. హరికథ నేర్పే పాఠశాల మన కపిలేశ్వరపురంలోనే ఉంది. నేను ఆ వయసులో అక్కడ చేరి ఉంటే తాళం, శ్రుతి కూడా వచ్చేవి. ఇప్పుడు రెండూ రావు.

మొదటిసారి స్టేజీ ఎక్కింది ఎప్పుడు?

మా పక్కూరి తీర్థంలో, అంటే జాతరలో, ఆర్కెస్ట్రావాళ్ళ దగ్గర. పాటకీ పాటకీ మధ్య గాయనిగారు మంచినీళ్ళు తాగాలి, కీబోర్డు ఆయన తీగలు సర్దుకోవాలి. ఆ మూడు నిమిషాలూ జనం లేచి వెళ్ళిపోకుండా ఎవరో ఒకరు వాగాలి. అది నేను. మూడొందల రూపాయలు, రాత్రి భోజనం.

మొదటి రోజు నేను రాసుకున్నవి పన్నెండు జోకులు. రెండు నిమిషాల్లో అయిపోయాయి. ఎవరూ నవ్వకపోతే జోకులు ఎంత తొందరగా అయిపోతాయో మీరు ఊహించలేరు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన్ని "ఏమండీ, మీకు నచ్చలేదాండీ?" అని అడిగాను. ఆయన నింపాదిగా "లేదు బాబూ, మొదలెట్టాక చెబుతాను" అన్నారు. ఆయన మాటకి తీర్థమంతా నవ్వింది. ఆ రాత్రి పడ్డ ఒకే ఒక్క నవ్వు అదే, అదీ నాది కాదు.

తీర్థాల్లో చేసినవాడికి ఇంకెక్కడా భయం ఉండదు. కనుమ రోజున, వెదురుతో ఎత్తుగా కట్టి దేవుణ్ణి పెట్టి మోసుకొచ్చే ప్రభలు చేరే జగ్గన్నతోట తీర్థానికి వచ్చే జనాన్ని చూసినవాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది. గంగలకుర్రు ఊరి ప్రభ కౌశిక నదిలో దిగి, నీళ్ళల్లోంచి భుజాల మీద ఎక్కివస్తుంటే ఆ అరుపుల్లో మైకులో మాట ఎవడికి వినబడుతుంది? ఒకవైపు రంగులరాట్నం, ఒకవైపు జీళ్ళ కొట్టు, పిల్లాడు తప్పిపోయాడని మధ్యలో అనౌన్స్‌మెంటు. అలాంటి చోట్ల ఒక మనిషిని ఆపి, నిలబెట్టి, నవ్వించాలంటే మొదటి వాక్యంలోనే పట్టుకోవాలి. తర్వాత ఏసీ హాల్లో టికెట్టు కొనుక్కుని కూర్చున్నవాళ్ళ ముందు నిలబడితే, పెళ్ళిలో వడ్డన మానేసి తినడానికి కూర్చున్నట్టు అనిపించింది.

ఇంట్లో ఏమన్నారు?

అమ్మ ఏడ్చింది. నాన్న "దీనికి పీఎఫ్ ఉంటుందా?" అని అడిగారు.

హైదరాబాద్‌లో ఎలా నెట్టుకొచ్చారు?

రాత్రిపూట కాల్ సెంటర్ ఉద్యోగం, సాయంత్రాలు కాఫీ షాపుల్లో ఓపెన్ మైక్‌లు. ఓపెన్ మైక్ అంటే ఎవరైనా పేరు రాయించుకుని నాలుగైదు నిమిషాలు చెప్పుకోవచ్చు. డబ్బులివ్వరు. ఆఖరి నిమిషంలో వెనకనుంచి ఫోన్ లైటు చూపిస్తారు, అది చూసి దిగిపోవాలి. చూడనట్టు నటిస్తే మళ్ళీ పిలవరు. నేను మొదలుపెట్టినప్పుడు నేను వెళ్ళిన చోట్లన్నీ ఇంగ్లీషు, హిందీలే. తెలుగులో చెబుతానంటే నిర్వాహకుడు నన్ను చూసిన చూపు, బిర్యానీ హోటల్లో కెళ్ళి దిబ్బరొట్టె అడిగితే సర్వరు చూసే చూపులా ఉంది. రెండేళ్ళు నేను చేసినదంతా పదిమంది ముందు. ఆ పదిమందిలోనూ ఏడుగురు వాళ్ళ వంతు కోసం ఎదురుచూస్తున్న కమెడియన్లే. వాళ్ళు నవ్వరు. మనసులో వాళ్ళ జోకులు వాళ్ళు వల్లె వేసుకుంటుంటారు.

జోకు ఎలా రాస్తారు? ఒకటి విడమర్చి చెప్పండి.

సరే, నాకు బాగా కలిసొచ్చిన జోకే చెబుతాను. మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు, కాయలు లెక్కపెట్టేటప్పుడు "ఒకటి" అనరు. "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు, అలా. మా నాన్నకి అది నోట్లో ఇంకిపోయింది. ఇంతవరకూ నిజం. ఇక జోకు: నాకు లెక్కల పరీక్షలో మార్కు వచ్చింది. మార్కులు కాదు, మార్కు. నాన్న "ఎంతరా?" అన్నారు. నేను ధైర్యంగా "లాభం నాన్నా" అన్నాను.

ఇది అమలాపురంలో చెబితే నేను "నాన్నా" అనేలోపే నవ్వేవారు. హైదరాబాద్‌లో మొదటిసారి చెప్పినప్పుడు ఈగ రెక్కల చప్పుడు వినిపించింది. వాళ్ళకి లాభం అంటే లాభమే! తప్పు వాళ్ళది కాదు, నేను తలుపు తీయకుండానే లోపలికి రమ్మంటున్నాను. అప్పుడు ముందు నాన్న కాయలు లెక్కపెట్టే తీరుని ఒక నిమిషంపాటు చేసి చూపించడం మొదలెట్టాను. ఆ గొంతు, ఆ ఊపు, నూరు దాటాక గుర్తుకి ఒక కాయ పక్కన పెట్టడం, మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పి మళ్ళీ "లాభం" దగ్గరికి రావడం. మూడోసారి "లాభం" అనేసరికి హాల్లోవాళ్ళే నాతోపాటు అనేవారు. అప్పుడు మార్కు సంగతి చెబితే పేలింది.

ఇక కాల్‌బ్యాక్. పావుగంట తర్వాత పెళ్ళిచూపుల కథ వస్తుంది. మా మామగారు "బాబూ, మా అమ్మాయికి మీది మొదటి సంబంధం" అంటారు. నేను జనం వైపు చూసి ఊరుకుంటాను. ఎవరో ఒకరు వెనకనుంచి "లాభం!" అని అరుస్తారు. ఆ రోజు నుంచీ మా మామగారు ఆ మాట ఒప్పుకోవడం లేదు, అని దిగిపోతాను. ఆ నవ్వు నేను అడిగి తీసుకున్నది కాదు, వాళ్ళంతట వాళ్ళు ఇచ్చింది.

గోదావరి యాసలో ఏం మాట్లాడినా నవ్వొస్తుందంటారు, నిజమేనా?

ఈ ప్రశ్నకి నాకు కొంచెం కోపం వస్తుంది. సినిమాల్లో ప్రతి వాక్యం చివర "ఆయ్" తగిలించి ఇదే గోదావరి యాస అంటారు. మా ఊళ్ళో అలా ఎవరైనా మాట్లాడితే దెయ్యం పట్టిందనుకుంటాం. "ఆయ్" అనేది ఒప్పుకోలు మాట. పెద్దవాళ్ళు చెప్పింది విన్నామని, సరేనని చెప్పడానికి వాడతాం. దాన్ని తాళింపులా అన్నిటిమీదా చల్లకూడదు.

అసలు వెటకారం యాసలో లేదు, మర్యాదలో ఉంది. మావాళ్ళు తిట్టేటప్పుడు "గారు" వదలరు. "తమరు చాలా తెలివైనవారండి, అందుకే ఇలా ఉండిపోయారు" అంటారు. విన్నవాడు ఇంటికెళ్ళి అన్నం కలుపుకుంటూ ఉండగా వెలుగుతుంది. నేను స్టేజీ మీద బూతు వాడకపోవడానికి కారణం నీతి కాదు. బూతుతో పని తొందరగా అయిపోతుంది, నాకు ఆ అన్నం కలుపుకునే ఘడియ కావాలి.

మన డెల్టా నుంచి హాస్యనటులు ఇంతమంది ఎందుకొచ్చారు?

గోదావరి నీళ్ళు అని చెప్పేసి తప్పించుకోవచ్చు, చాలామంది అదే చెబుతారు. నాకు మాత్రం ఇంకో సంగతి కనబడుతుంది. పంచదార కలిపినట్టు మాట్లాడే రేలంగి గారు తాడేపల్లిగూడెం మనిషి, 1970లో పద్మశ్రీ. పాలకొల్లు అల్లు రామలింగయ్య గారికి 1990లో పద్మశ్రీ, ఆయన హోమియో మందులు కూడా ఇచ్చేవారు, రాజమండ్రి హోమియో కళాశాలకి ఆయన పేరే. ఇంకో వరస చూడండి. రాజమండ్రి రాజబాబు గారు సినిమాల్లోకి వెళ్ళకముందు బడిపంతులు. నిడమర్రు ఎమ్మెస్ నారాయణ గారు భీమవరంలో తెలుగు లెక్చరరు. బ్రహ్మానందం గారిది సత్తెనపల్లి వైపు, కానీ ఆయన పాఠాలు చెప్పింది మన అత్తిలిలో.

ముగ్గురు పంతుళ్ళు! మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఫ్యాను లేని గదిలో అరవైమందికి సంధులు చెప్పినవాడికి జనాన్ని పట్టి ఉంచడం ఒకరు నేర్పాలా? నాకు తెలిసి అంతకంటే కష్టమైన ఓపెన్ మైక్ లేదు.

ఇక రాజమండ్రి ఆలీ గారు పసివాడిగా ఉన్నప్పుడే తెరమీదకొచ్చి, హాస్యనటుడై, తర్వాత ఈటీవీలో 'ఆలీతో సరదాగా' అంటూ అతిథుల్ని కూర్చోబెట్టి మాట్లాడించారు. నవ్వించేవాడు అడిగేవాడు కావడం అంటే ఏమిటో మనవాళ్ళకి ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

టీవీలోకి ఎలా వెళ్ళారు? ఎవరైనా తెలిసినవాళ్ళున్నారా?

ఎవరూ లేరు. ముందు వేరే యాంకర్లకి లింకులు రాసేవాడిని. లింకు అంటే ఒక అంశం అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు యాంకర్ చెప్పే నాలుగు ముక్కలు. తర్వాత షూటింగు మొదలయ్యేలోపు, లైట్లు సర్దుకునే గంటన్నరసేపు, స్టూడియోలో జనం విసిగిపోకుండా నవ్విస్తూ ఉండమన్నారు. అది కెమెరాకెక్కదు. ఆర్కెస్ట్రాలో చేసిన పనే, భోజనం మాత్రం మధ్యాహ్నం.

ఒక చానల్‌వాళ్ళు తెల్లవారుజాము కార్యక్రమం ఒకటి నాతో చేయించారు. నా ప్రతిభ చూసి అనుకునేరు. ఆ డబ్బులకి ఇంకెవరూ ఒప్పుకోలేదు.

స్టాండప్ చేసినవాడికి హోస్ట్ పని నల్లేరు మీద నడకేగా?

నేనూ అలాగే అనుకున్నాను. మొదటి పది ఎపిసోడ్లు ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది. అతిథి ఒక మాట అనడం, నేను దానిమీద జోకు వెయ్యడం, అతిథి నవ్వి ఊరుకోవడం. మళ్ళీ నేనే. ఆయన వచ్చింది ఎందుకు, నేను అడిగింది ఏమిటి? ఒక ఎపిసోడ్ చూసి నాన్న ఫోన్ చేసి "ఆ వచ్చినాయన బాగా ఓపికమంతుడురా" అన్నారు. అంతకు మించి విమర్శ నాకెవరూ రాయలేదు.

దీన్ని నాకు అర్థమయ్యేలా చేసింది బుర్రకథ. మధ్యలో తంబురా పట్టుకుని నిలబడేవాడు కథకుడు. అటొకడు ఇటొకడు వంతలు, చేతుల్లో గుమ్మెటలు. ఒకడిది రాజకీయం, అంటే ఊరి సంగతులూ లోకం సంగతులూ కథలోకి లాక్కొచ్చేవాడు. ఇంకొకడిది హాస్యం, తెలియనట్టు అడ్డు ప్రశ్నలు వేసి నవ్వించేవాడు. చిన్నప్పుడు మేమందరం ఆ హాస్యగాడి కోసమే వెళ్ళేవాళ్ళం. కథకుడి వైపు చూసేవాళ్ళమే కాదు. పెద్దయ్యాక తెలిసింది, హాస్యగాడి అడ్డు ప్రశ్న పండాలంటే కథకుడు సరిగ్గా అక్కడ ఆగాలి. అతను ఊపిరి తీసుకోకుండా లాక్కుపోతే వీడు ఎంతటివాడైనా మధ్యలో దూరలేడు.

నేను పదేళ్ళు హాస్యగాడి వేషం కట్టాను. టీవీవాళ్ళు నా చేతిలో తంబురా పెట్టారు. నేనేమో తంబురా పట్టుకుని కూడా హాస్యగాడి మాటలే మాట్లాడుతున్నాను. అదీ తప్పు. స్టేజీ మీద నవ్వు పడితే అది నా ఖాతాలో పడాలి. కుర్చీలో కూర్చున్నాక ఎదుటివాళ్ళ ఖాతాలో పడాలి, నేను పాసుబుక్కు పట్టుకుని ఉండాలి. తెలిసి కూడా నోరు కట్టుకోవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

చెవిలో ఆ వైరు ఏమిటి?

టాక్‌బ్యాక్. అద్దాల గదిలో, అంటే పీసీఆర్ అనే ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న ప్రొడ్యూసర్ మన చెవిలో మాట్లాడుతూనే ఉంటాడు. "ఇంకో రెండు నిమిషాలు", "ఆ ప్రశ్న వదిలెయ్", "బ్రేక్, బ్రేక్". అతిథి కళ్ళల్లోకి చూస్తూ, ఆయన చెప్పేది వింటూ, చెవిలో వాణ్ణి కూడా వినాలి. పెళ్ళయినవాళ్ళకి తొందరగా అలవాటవుతుంది.

టీవీలో జనం నవ్వులు నిజమైనవేనా?

కొన్ని. మాకు కోఆర్డినేటర్లు రోజు కూలి మీద ప్రేక్షకుల్ని తీసుకొస్తారు. ఒక రోజులో మూడు నాలుగు ఎపిసోడ్లు తీసేస్తాం. నేను చొక్కా మారుస్తాను, ముందు వరసవాళ్ళు వెనక్కి వెళ్తారు, ఇంకో వారం అయిపోతుంది. సాయంత్రం ఆరింటికి, పొద్దున్నుంచి ఏసీలో వణుకుతూ కూర్చున్న మనిషి నా జోకుకి ఎందుకు నవ్వాలి? అందుకని పొద్దున్న ఓపికగా ఉన్నప్పుడే నవ్వులూ చప్పట్లూ విడిగా తీసి పెట్టుకుంటారు. ఇది మనవాళ్ళు కనిపెట్టిన మోసమేం కాదు. అమెరికాలో 1950లలోనే చార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజినీరు, మీటలు నొక్కితే రకరకాల నవ్వులు వినిపించే పెట్టె ఒకటి తయారుచేశాడు. అప్పటినుంచీ సాగుతోంది.

నిజం నవ్వుని మీరే గుర్తుపట్టవచ్చు. ఒకేసారి మొదలవదు, ఒకేసారి ఆగదు. ఎక్కడో ఒక ముసలమ్మ ఆలస్యంగా నవ్వుతుంది.

మిగతా దేశాల్లో కూడా కమెడియన్లు ఇలాగే హోస్టులవుతారా?

అమెరికాలో అదే రహదారి. జానీ కార్సన్ 1962 నుంచి 1992 దాకా ముప్ఫై ఏళ్ళు రాత్రిపూట వచ్చే ఒకే టీవీ కార్యక్రమాన్ని నడిపాడు. కొత్త కమెడియన్ వచ్చి చెప్పింది ఆయనకి బాగా నచ్చితే, పక్కన సోఫాలోకి రమ్మని చెయ్యి ఊపేవాడు. ఆ చెయ్యి ఊపుతో జీవితాలు మారిపోయాయి. ఎలెన్ డిజెనరస్‌ని 1986లో అలాగే పిలిచాడు, తర్వాత ఆవిడే 2003 నుంచి 2022 దాకా పగటిపూట కార్యక్రమం నడిపింది. జాన్ స్టూవర్ట్ 1999లో రోజువారీ వార్తల మీద వ్యంగ్యంగా నడిచే 'ది డైలీ షో' కుర్చీలో కూర్చుని, 2015లో ఆ కుర్చీని దక్షిణాఫ్రికా కుర్రాడు ట్రెవర్ నోవాకి అప్పగించాడు. నాకు ఈ వరసలో నచ్చేది నోవా. తల్లి నల్లజాతి, తండ్రి తెల్లజాతి, వాళ్ళిద్దరి కలయికే ఆ దేశంలో అప్పట్లో నేరం. అయిదారు భాషలు నేర్చుకుని, ఎవరి దగ్గరికి వెళ్తే వాళ్ళ మాట మాట్లాడి బతికాడు. యాసని దాచుకోవాలా చూపించుకోవాలా అని నేను తన్నుకుంటున్న రోజుల్లో అతన్ని చూసి కొంచెం సర్దుకున్నాను.

మన దేశంలో అందరికీ తెలిసినవాడు కపిల్ శర్మ. అమృత్‌సర్, తండ్రి పోలీసు హెడ్ కానిస్టేబుల్. 2007లో టీవీ పోటీలో గెలిచిన పది లక్షలతో సోదరి పెళ్ళి చేశాడు. 2013లో సొంత కార్యక్రమం మొదలైన కొన్ని నెలలకే సెట్టు కాలిపోయింది, అయినా ఆపలేదు. 2016లో ఇంకో చానల్, 2024 నుంచి నెట్‌ఫ్లిక్స్. అతని దగ్గర గమనించండి: సినిమా తారలకంటే ముందు ప్రేక్షకుల్లో ఎవర్నో లేపి మాట్లాడిస్తాడు. అది తీర్థంలో నేర్చుకునే విద్యే.

టీవీలో ఎప్పుడైనా ఘోరంగా తప్పు చేశారా?

చేశాను. ఒకసారి మా డెల్టా నుంచే ఒక పెద్దాయన్ని పిలిచాం. పౌరాణిక నాటకాల్లో శకుని వేషానికి పేరు. ఆయన పద్యం ఎత్తుకుంటే ఒకప్పుడు జనం వన్స్‌మోర్ కొట్టి తెల్లవార్లూ దిగనిచ్చేవారు కాదట. మాటల్లో నేను "ఇంట్లో అమ్మగారి దగ్గర కూడా ఈ పాచికలేనాండీ?" అన్నాను. ముందు రోజు ఇచ్చిన కాగితాల్లో ఆవిడ పోయి నాలుగు నెలలైందని రాసి ఉంది. నేను చదవలేదు. కారులో నిద్రపోయాను.

ఆయన ముఖం చూడగానే తెలిసిపోయింది. చెవిలో ప్రొడ్యూసర్ "ఏదో ఒకటి చెప్పు, నవ్వించు, నవ్వించు" అంటున్నాడు. స్టేజీ మీదైతే నా దగ్గర అలాంటి సమయానికి పది మాటలుండేవి. ఒక్కటీ రాలేదు. నేను తెలివిగా మౌనంగా ఉన్నానని తర్వాత కొందరు రాశారు, అది అబద్ధం. బిగుసుకుపోయాను, అంతే. కాసేపటికి ఆయనే "ఆ పాచికలు ఆవిడే పట్టుకుపోయిందండి" అన్నారు. అని, నేను అడగకుండానే పద్యం అందుకున్నారు. గొంతు వణికింది కానీ రాగం ఎక్కడా తెగలేదు. లైటుబాయ్ నుంచి మేకప్ అమ్మాయి దాకా ఎవరూ కదల్లేదు.

బయటికొచ్చాక కాళ్ళకి దండం పెట్టాను. "ఫర్వాలేదు బాబూ, శకుని వేషం కట్టినవాణ్ణి, నాకు ఎవడైనా జాలిపడతాడా" అని నవ్వించబోయారు. ఇప్పుడు అతిథి ఎవరైనా సరే ముందు రోజు రాత్రి నేనే ఫోన్ చేసి ఇంట్లో ఎవరెవరున్నారో అడుగుతాను. కాగితాల్ని నమ్మను.

టీఆర్‌పీ టెన్షన్ ఉంటుందా?

గురువారాల్లో ఉంటుంది, కార్యక్రమాన్ని ఎంతమంది చూశారో చెప్పే ఆ అంకెలు వచ్చేది ఆ రోజే. దేశం మొత్తమ్మీద వేలాది ఇళ్ళలో పెట్టిన మీటర్లనుంచి బార్క్ అనే రేటింగుల సంస్థవాళ్ళు అంకెలు తీస్తారు. మా అమ్మ పక్కింట్లో కూడా మీటరు పెట్టించమంటుంది, అది అలా కుదరదమ్మా అంటే వినదు.

జోకులకి ఎవరికైనా కోపం వచ్చిందా?

కోడిపందేల మీద చెప్పినదానికి భీమవరం వైపు నుంచి ఫోన్లొచ్చాయి. తిట్టడానికి కాదు, నేను చెప్పిన కోడి రంగు తప్పని. పందెం కోళ్ళ రంగుల్లో డేగా నెమలీ తేడా తెలియనివాడివి జోకెందుకు వేశావన్నారు. న్యాయమే.

కానీ ఈ పనిలో భయం కూడా ఉంది, దాన్ని నవ్వులో కలిపెయ్యను. 2021 జనవరిలో మునవ్వర్ ఫారూఖీ అనే కమెడియన్ని ఇండోర్‌లో అరెస్టు చేస్తే, సుప్రీంకోర్టు బెయిలిచ్చేదాకా నెలరోజులకు పైనే జైల్లో ఉన్నాడు. ఆ వార్త చదివిన రాత్రి నేను నా నోటుబుక్కు తీసి మూడు జోకులు కొట్టేశాను. అవి చెడ్డవి కాదు. ఇప్పటికీ వాటి మీద గీత కనబడుతుంది.

డబ్బులు బాగా వస్తాయా?

టీవీలో ఎపిసోడ్‌కి ఇంత అని మాట్లాడుకుంటారు. వచ్చేది నెలలు గడిచాక. ఒక కంపెనీ వార్షికోత్సవంలో నలభై నిమిషాలు చేస్తే, చెక్కు కోసం పదకొండు నెలలు తిప్పారు. ఆర్కెస్ట్రా మేస్త్రి మాత్రం తెల్లారేలోపు మూడొందలూ చేతిలో పెట్టేవాడు. ఒకసారి వాన పడి కార్యక్రమం ఆగిపోతే నూట యాభై ఇచ్చి, "సగం వాన ఖాతా" అన్నాడు.

మా అబ్బాయి బాగా జోకులేస్తాడండి, ఏం చెయ్యమంటారు?

ముందు డిగ్రీ పూర్తి చేయించండి అని చెప్పాలని మీరు నాకు సైగ చేస్తున్నారు, చూశాను.

వాడికి నేను చెప్పేది: ఊళ్ళో వినాయక చవితి పందిట్లో అయిదు నిమిషాలు అడిగి తీసుకో. ఫోన్లో రికార్డు పెట్టుకో. ఇంటికెళ్ళి విను. నీ గొంతు నీకు అసహ్యంగా ఉంటుంది, అందరికీ ఉంటుంది. నవ్వు ఎక్కడ పడిందో గుర్తుపెట్టు. నువ్వనుకున్న చోట పడదు. ఆ పడిన చోటినుంచి మళ్ళీ రాయి. ఇంటర్నెట్‌లో చూసింది చెప్పకు, మీ వీధిలో నువ్వొక్కడివే చూసిన సంగతి చెప్పు. కెమెరా ముందు చేసిన రీలుకి లక్షమంది చూసినా, ఎదురుగా పాతికమంది ఉన్నప్పుడు ఏం చెయ్యాలో అది నేర్పదు. కమిటీవాళ్ళు మైకు ఇవ్వకపోతే వాళ్ళ ప్రెసిడెంటుగారి మీద ఒక మంచి జోకు రాసుకెళ్ళు. అది వినడానికైనా ఇస్తారు.

షో చూడ్డానికి పాసులు ఇప్పిస్తారా?

ఇప్పిస్తాను. పొద్దున్న ఎనిమిదింటికి రావాలి, శాలువా తెచ్చుకోవాలి, నవ్వొచ్చినా రాకపోయినా నవ్వాలి.

పులస పంపిస్తే మీ కార్యక్రమంలో ఛాన్స్ ఇస్తారా?

ఇది నిజంగానే ఏడాదికి నలుగురైనా అడుగుతారు, సరిగ్గా వరదనీరు ఎర్రగా దిగే రోజుల్లోనే. ఛాన్స్ ఇవ్వడం నా చేతిలో లేదు. చేప తీసుకోవడం మాత్రం ఉంది. కానీ ఒక్క మాట, గోదావరికి ఎదురీదకుండా ఎక్కడినుంచో ఐసులో వచ్చిన ఇలసని పులస అని చెప్పి పంపకండి. కిందటేడు ఒకాయన అలాగే పంపించారు. అమ్మ సంచీ విప్పకుండానే పక్కన పెట్టేసి, "ఎవర్రా పంపింది, నీ తోటి కమెడియనా?" అంది.